తాడు ఎవరు పట్టుకోవాలి

నాకు ముప్పై ఆరేళ్ళప్పుడు, ఆళ్ళగడ్డకు తూర్పున ఒక కొండ అంచున నిలబడి, పక్కనున్న పరాయి మగవాణ్ణి చూపించి "ఈయన నా భర్త" అని అబద్ధమాడాను. ఆ మనిషికి నంద్యాలలో భార్య ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. నాకు పెళ్ళే కాలేదు. ఆ అబద్ధం ఎందుకు ఆడాల్సి వచ్చిందో చెప్పాలంటే తేనెటీగల దగ్గర మొదలుపెట్టాలి. నా జీవితంలో ఏ సంగతి చెప్పాలన్నా అక్కడే మొదలుపెట్టాలి లెండి.

డెబ్బైల నడుమ నేను నంద్యాలలో ఒక చిన్న ప్రభుత్వ పథకంలో పనిచేసేదాన్ని. అందులో ఉన్నది ముగ్గురం. పైన ఒక అధికారి, మధ్యలో నేను, నా కింద ఒక సహాయకుడు. వేల తేనెటీగలు ఒక్క ఇంట్లో కొట్టుకోకుండా ఎలా బతుకుతాయి, ఎక్కడ పువ్వుందో ఒకదానికొకటి కబురు ఎలా చెప్పుకుంటాయి అన్నది చూడటం నా పని. ఆడమనిషి ఈ పని చేయడం ఆ రోజుల్లో ఎక్కడా లేదు కాబట్టి నన్ను ఏ వరసలో పెట్టాలో జనానికి తెలిసేది కాదు. నంద్యాలలో రిక్షావాళ్ళు "ఈగలమ్మ" అనేవాళ్ళు. నాకు ఆ పేరు మీద కోపమేమీ లేదు. ఆఫీసులో పెట్టిన పేర్లకంటే అదే మర్యాదగా ఉండేది.

అప్పుడప్పుడే మా వైపుకు పొద్దుతిరుగుడు పంట వచ్చింది. పువ్వు చూస్తే తట్టంత. కోసి నలిపితే సగం తాలు. రైతులు విత్తనం మంచిది కాదన్నారు. ఈగలు చాలడం లేదని నేనన్నాను. ఆ పువ్వుకు ఈగ వాలితేగానీ గింజ గట్టిపడదు. మా వాళ్ళేమో సరిగ్గా ఈగలు వచ్చే పొద్దుటి పూటే పురుగుమందు కొడుతున్నారు. వచ్చే ఈగలు కూడా గట్ల మీది చిన్న ఈగలు కావు. కొండ చరియలకు చాటంత తేనెపట్లు పెట్టే పెద్ద ఈగలు. అవి నల్లమల అంచు నుంచి అంత దూరం ఎగిరి ఆళ్ళగడ్డ పొలాల్లోకి వస్తున్నాయని నా నమ్మకం. పొద్దున మందు ఆపకపోతే నాలుగేళ్ళలో పొలానికి ఈగా ఉండదు, కొండకు పట్టూ ఉండదు.

ఇందులో ఒక చిక్కుంది. ఆళ్ళగడ్డలో మా అన్నది పురుగుమందుల అంగడి. పొలాలు చూడటానికి వెళ్ళినప్పుడల్లా నేను దిగేది ఆయన ఇంట్లోనే. ఆయన ఇంట్లో అన్నం తిని, ఆయన దగ్గర మందు కొనే రైతుల దగ్గరికే పోయి, పొద్దున పూట కొట్టొద్దని చెప్పి వచ్చేదాన్ని.

"ఎవురు జూసినారు?" అన్నాడు ఒకరోజు నా ఎదురుగా కూర్చుని. "ఆ ఈగ కొండ మీద నుంచి వచ్చినానని నీతో జెప్పిందా? గమ్మున నోరు మూసుకోని తిను."

వదిన నా కంచంలో పప్పు వడ్డిస్తూ నవ్వు ఆపుకుంది. నేను నోరు మూసుకోలేదు, తినడమూ ఆపలేదు.

మా అధికారి మాటా అదే, కాస్త నాజూగ్గా. "నమ్మకాలు కాదు మేడం, నిరూపణ కావాలి. ఈ పూత అయిపోయేలోగా తెండి. లేదంటే ఈ పథకాన్ని పత్తికి మారుస్తాం. మీ సహాయకుడు చూసుకుంటాడు." ఆ సహాయకుడు పక్కనే నిలబడి నేల చూశాడు. నన్ను ఎక్కడికి మారుస్తారో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. పన్నెండేళ్ళ నా పని ఆ పూత రాలేలోగా తేలిపోవాలి. అది మాత్రం నాకు అర్థమైంది.

నిరూపణ ఎలా? పొలంలో వాలిన ఈగ వీపు మీద రంగుచుక్క పెట్టాలి. అదే చుక్క కొండ మీది పట్టులో కనిపించాలి. చుక్కకు గోళ్ళ రంగును మించింది లేదు, చిటికెలో ఆరిపోతుంది. నంద్యాల ఫ్యాన్సీ షాపులో ఎర్ర గోళ్ళ రంగు సీసాలు డజను అడిగితే షాపాయన నా బోసి చేతుల వంక చూసి, "పెండ్లామ్మా?" అన్నాడు. "ఈగలకు" అన్నాను. ఆ తర్వాత ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. వారం రోజులు పొద్దున్నే ఆళ్ళగడ్డ పొలంలో కూర్చుని, పువ్వు మీద తల దూర్చి ఉన్న ఈగల వీపులకు అగ్గిపుల్లతో చుక్కలు పెట్టాను. ఈగలు కుట్టి అరచేతులు వాచిపోయాయి.

కొండ కింద గూడెంలో ఒక చెంచు మనిషి ఉండేవాడు. తేనె కోయడం ఆయనకు తాతల నాటి పని. ఏ బండకు ఎన్ని పట్లు, ఎప్పుడు వచ్చాయి, ఎప్పుడు లేచిపోతాయి అన్నీ నాకు చెప్పింది ఆయనే. నాకు పెళ్ళయిందా అని అడగని మనిషి ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే. ఆ వారం చివర ఆయన పొలం గట్టు మీదికి వచ్చి నిలబడి, "మేడమ్మా, ఎర్రసుక్క ఈగలు మా బండకాడ తిరుగుతాండాయి" అన్నాడు.

నేను ఆ గట్టు మీదే ఎగిరి గంతేశాను. సాయంత్రం బస్సుకే నంద్యాల వెళ్ళి అధికారికి చెప్పాను. ఆయన ఫైలు మూసి, "చెంచువాడి మాట కాగితం మీద పెట్టి పైకి పంపితే నవ్వుతారు. మీరు చూశారా? మీరు చూసి, ఇంకొకరు సాక్షి సంతకం పెడితే అప్పుడు పంపిద్దాం" అన్నాడు. ఈగల మధ్య పుట్టి పెరిగిన మనిషి మాట పనికిరాదు. తేనెను సీసాలో తప్ప చూడని మనిషి ఆ మాటంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసులో ఉన్న ఒక్క కెమెరా అడిగాను. అది బీరువాలో ఉంది, బీరువా తాళం ఆయన జేబులో ఉంది. రెండూ అక్కడే ఉండిపోయాయి.

ఆ పట్టు ఉన్నది ముందుకు పొడుచుకొచ్చిన బండ కింద. లోయలో నిలబడి చూస్తే నల్లటి మచ్చ, అంతే. చుక్క కనబడాలంటే పై నుంచి తాడుతో దిగి, పట్టు పక్కకు, రెండు బారల దూరానికి రావాలి. చెంచాయన దిగితే పొగతో దిగుతాడు. పొగ తగిలితే ఈగలు చెదిరిపోతాయి, నేను చూడాల్సింది చెదిరిపోతుంది. పొగ లేకుండా, ఎండలో, అవి తమ పని తాము చేసుకుంటూ ఉన్నప్పుడు చూడాలి. ఈ మాట చెప్పగానే ఆయన నవ్వాడు. నేను నవ్వడం లేదని చూసి ఆపేశాడు.

"పొగ ల్యాకుండానా? ఎండపొద్దునా? సావాలని ఉంటే బాయిలో దూకు. ఆడిదాకా పోయేది యాల?"

మూడు రోజులు బతిమాలాను. మూడో రోజు ఆయన ఒప్పుకోలేదు గానీ, ఏం చేయకూడదో చెప్పడం మొదలుపెట్టాడు. తలకు నూనె పెట్టుకోవద్దు, సబ్బు వద్దు, పూలు వద్దు, నల్లబట్ట వద్దు. ఈగ వాలితే కొట్టొద్దు, దాని మీద ఊపిరి వదలొద్దు. ఒప్పుకున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. చివర్లో ఒక ప్రశ్న వేశాడు.

"తాడు ఎవురు పట్టుకుంటారు?"

"నువ్వే" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. తాడును చెట్టు మొదలుకు చుట్టే వదులుతారు, బరువు మోసేది చెట్టే. కానీ ఆ చెట్టు దగ్గర కూర్చుని ముడిని కాచుకునే మనిషి ఒకడుంటాడు. తను దిగితే ఆ చోట కూర్చునేది తన పెళ్ళాం తమ్ముడే. వాళ్ళలో ఎవరైనా అంతే.

"సొంత తమ్ముడు కూర్చోడా?" అన్నాను.

"కూర్చోకూడదు. నేను పోతే నా పెండ్లామూ, నా పట్లుండే బండలూ వానికి వస్తాయి. మంచోడే. మంచోడైనా మనసు మనసే గదా. బామ్మర్దికైతే అట్ల గాదు. నేను పోతే వాని అక్క బతుకు పోతాది. వాడు తాడు ఇడ్సడు." నా వైపు తిరిగాడు. "నువ్వు పోతే ఎవురికి నష్టమో, వాణ్ణి పిల్చుకోని రా."

నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్క వేశాను. అమ్మా నాన్నా పోయారు. అన్న ఏడుస్తాడు, నాకు తెలుసు. కానీ చెంచాయన లెక్కలో అన్న పనికిరాడు, నాన్న ఇంట్లో నా భాగం ఆయనకే పోతుంది. అధికారి సంతాప సభ పెట్టి రెండు నిమిషాలు లేచి నిలబడతాడు. సహాయకుడికి నా కుర్చీ వస్తుంది. ఈగలకైతే నేనున్నట్టే తెలియదు. బస్సు శిరివెళ్ళ దాటకముందే నా లెక్క అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. అడిగినవాడి మీద కోపం వచ్చింది, ఎందుకంటే అప్పటిదాకా ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు.

సాక్షి సంతకం కోసం సహాయకుడు ఎలాగూ రావాలి. ఆయన్నే భర్తని చేసేద్దామనుకున్నాను. కొండ కింద ఎడ్లబండి దిగాక సంగతి చెప్పాను. ఆయనకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

"మా ఇంట్లో తెలిస్తే ఎట్ల మేడం?"

"మీ ఇంటికి పోయి ఎవరు చెబుతారు, ఈగలా? అక్కడ నన్ను మేడం అనొద్దు. అసలు నోరే తెరవొద్దు."

నివేదిక మీద ఆయన పేరు కూడా పడుతుందన్న ఆశో, లేక నేనంటే ఉన్న భయమో, ఒప్పుకున్నాడు.

పొద్దెక్కాక కొండ అంచుకు చేరాం. చెంచాయన, ఆయన భార్య అప్పటికే అక్కడున్నారు. ఆమెను నేను చూడటం అదే మొదలు. సన్నటి మనిషి, నా ఈడే ఉంటుంది. నేను అన్న పాత తెల్ల పైజామా, తెల్ల చొక్కా వేసుకుని, ముఖానికి దోమతెర గుడ్డ కట్టుకుని, కాళ్ళకు గుడ్డ బూట్లు వేసుకుని ఉన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నేను సహాయకుణ్ణి చూపించి ఆ అబద్ధం చెప్పాను. ఆయన ఎక్కిళ్ళను దగ్గుగా మార్చుకున్నాడు. చెంచాయన మాత్రం సంతోషించాడు. "మంచిది. మొగుడైతే మంచిదే" అని ఆయన్ని చెట్టు మొదట్లో కూర్చోబెట్టి ముడి చేతికిచ్చాడు.

నేను నంద్యాలలో కొన్న నైలాను తాడు ఆయన ముట్టుకోలేదు. "ఇది జారుతాది. సేతికి ఏమీ తెలీదు" అని తమ నార తాడే నా చంకల కిందుగా కట్టి, కూర్చోవడానికి ఒక కట్టె అడ్డం పెట్టాడు. ఒకసారి లాగితే ఆపాలి, రెండుసార్లు లాగితే పైకి తీయాలి. అంచుకు వచ్చాక, "బూట్లు ఇప్పు. రాయి కాలికి తెలియాల" అన్నాడు. విప్పి పక్కన పెట్టాను. దిగాను.

మొదటి నాలుగు బారలు కళ్ళు మూసుకునే దిగాను. తెరిచేసరికి పట్టు నా కుడి పక్కన ఉంది. ఎన్నో ఏళ్ళుగా చదివినదాన్ని, రాసినదాన్ని, అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. మైనపు పలక అసలు కనబడదు. దాన్ని కప్పుతూ ఈగలు, ఒకదాని కాళ్ళు ఒకటి పట్టుకుని, పొరలు పొరలుగా వేలాడుతుంటాయి. పువ్వుకు పోవు, తేనె తేవు. అలా గంటల తరబడి వేలాడటమే వాటి పని. వాటి వెనక పిల్లలుంటాయి, తేనె ఉంటుంది. ఈగలు వచ్చిపోయే కింది మూతి దగ్గర మాత్రం సందడి. పొలాల నుంచి వచ్చిన ఈగలు అక్కడ దిగి, ఒళ్ళు ఊపుతూ నడిచి, ఎటువైపు ఎంత దూరం పోవాలో మిగతావాటికి చెబుతాయి. నేను చూడాల్సింది అక్కడే. ఒకసారి లాగాను. తాడు ఆగింది.

ఎంతసేపు వేలాడానో తెలియదు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోవడానికి లేదు. చుక్క లేదు. అన్నీ ఒకే రంగు వీపులు. వారం రోజులు పెట్టిన చుక్కలన్నీ ఏమైపోయాయి? చెంచాయన తప్పు చూశాడా? నేనే తప్పా? అప్పుడు పైనుంచి మాటలు వినబడ్డాయి.

"ఏందప్పా," అని ఆమె గొంతు, "ఆయమ్మ కాళ్ళకు మెట్టెలు ల్యావు. ఏలికి మెట్టె మరక గూడా ల్యాదు. నువ్వు ఏం మొగునివి?"

బూట్లు విప్పినప్పుడు ఆమె నా కాళ్ళు చూసింది. మెట్టె తీసేసినా ఏళ్ళ తరబడి ఉండే తెల్లటి గీత నా వేళ్ళకు లేదు.

సహాయకుడు బెదిరిపోయాడు. నోరు తెరవొద్దన్నాను కదా, తెరిచాడు. "కాదమ్మా! నేను ఆమెకేమీ కాను! నా భార్య నంద్యాలలో ఉంది! ఆవిడ పోతే నన్నడగొద్దు, నాకేం సంబంధం లేదు!"

ఆ మాటలతో పాటే తాడు జానెడు జారి, ఒక్క కుదుపుతో ఆగింది. కట్టె మీద నుంచి నా తొడ జారింది. పట్టు మీద పై నుంచి కింది దాకా ఒక అల లేచింది. ఈగలన్నీ ఒక్కసారిగా నడుములు పైకెత్తి దించాయి. దగ్గరికి రావద్దని అది వాటి మాట. మళ్ళీ ఒక అల. మళ్ళీ ఇంకొకటి. నాలుగైదు ఈగలు పొర నుంచి విడిపోయి నా ముందు గాలిలో నిలిచాయి. ఒకటి మణికట్టు మీద వాలి కుట్టింది.

కుట్టిన చోట మగ్గిన అరటిపండు వాసన వస్తుంది. ఆ వాసన మిగతా ఈగలకు పిలుపు, ఇక్కడే కుట్టండి అని. ఆ పిలుపు గురించి పాఠాలు చెప్పినదాన్ని, ఇప్పుడు అది నా చేతి మీద ఉంది. ఆ వాసన చంపడానికని దిగేముందు చెంచాయన ఇచ్చిన పసరాకు జేబులోంచి తీసి, నలిపి, ఆ చోట అదిమిపెట్టాను. పైన చెంచాయన తిట్లు, ఏదో పెనుగులాట. ఇప్పుడు రెండుసార్లు లాగితే పైకి తీసేవాళ్ళెవరు? ముడి ఎవరి చేతిలో ఉందో నాకు తెలియదు. ఎవరి చేతిలోనూ లేదేమో. జీవితంలో నేను అంత భయపడింది అప్పటికి అదే మొదటిసారి. బుద్ధిలేనిదానా, నువ్వే కోరి తెచ్చుకున్నావు అని నన్ను నేను తిట్టుకున్నాను.

తర్వాత తాడు బిగిసింది. నిదానంగా, గట్టిగా. నా బరువును పని తెలిసిన చేయి ఏదో అందుకున్నట్టు తెలిసింది. అలలు తగ్గాయి. మూతి దగ్గర మళ్ళీ సందడి మొదలైంది. అక్కడ, పుప్పొడి కాళ్ళతో దిగిన ఒక ఈగ వీపు మీద ఎర్రటి చుక్క ఉంది.

నా గోళ్ళ రంగు. అగ్గిపుల్లతో నేను పెట్టిన వంకర చుక్క. అది ఒళ్ళు ఊపుతూ నడిచింది, తిరిగొచ్చింది, మళ్ళీ అదే గీత మీద నడిచింది. పొద్దును బట్టి చూస్తే ఆ గీత చెప్పేది పడమర, ఆళ్ళగడ్డ పొలాల వైపు. నాకు తెలియకుండానే ఏడుస్తున్నాను. ఇంకో చుక్క కనబడేదాకా ఆగాను. కనబడింది. రెండుసార్లు లాగాను.

అంచు మీదికి వచ్చి బోర్లా పడ్డాక చూశాను. చెట్టు మొదట్లో కాళ్ళు తన్నిపెట్టి ఆమె కూర్చుని ఉంది. తాడు ఆమె చేతుల్లో ఉంది. అరచేతులు చీరుకుపోయి నార ఎర్రబడింది. చెంచాయన ఆమె వెనక తాడు కొస నడుముకు చుట్టుకుని ఉన్నాడు. సహాయకుడు దూరంగా ఒక బండ మీద తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు.

నేను ఆమె చేతులు పట్టుకోబోయాను. విదిలించుకుంది.

"నీకు శానా రుణపడి..." అని ఏదో మొదలుపెట్టాను.

"నీకోసరం పట్టుకోలే" అంది. "నువ్వు పడి సచ్చింటే పోలీసోల్లు ఎవుర్ని పట్టకపోతారు? ఈయప్పనా? నా మొగుణ్ణి పట్టకపోతారు. గవర్మెంటు మేడమ్మను సంపినాడని తంతారు. ఎవురికి నష్టం? నాకే గదా. మరింగ తాడు ఎవురు పట్టుకోవాల?"

బస్సులో కూర్చుని, నేను పోతే ఎవరికి నష్టమని అంత లెక్క వేశాను. నా తల్లి, తండ్రి, అన్న, అధికారి, చివరికి ఈగలు కూడా ఆ లెక్కలోకి వచ్చాయి. ఈ ఇద్దరూ రాలేదు. నా పని, నా పథకం, నా పంతం కోసం వాళ్ళ బతుకును కొండ అంచున పెట్టానని నాకు తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. చెంచాయన ఆ రోజంతా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తాడు చుట్టుకుని వెళ్ళిపోతూ భార్యతో మాత్రం, "అడిగినప్పుడు జెప్పొచ్చు గదా, ఎవురూ ల్యారని" అన్నాడు. ఆ మాట నాకు వినబడాలనే అన్నాడు.

నివేదిక వెళ్ళింది. సహాయకుడు సాక్షి సంతకం చక్కగా, గుండ్రంగా పెట్టాడు. అధికారి దాన్ని రెండుసార్లు చదివి పథకం కొనసాగించాడు. పొద్దుతిరుగుడు పూత మీద పొద్దున పూట మందు కొట్టొద్దని రేడియోలో రైతులకు చెప్పారు. ఆ పరిశోధన అచ్చయినప్పుడు కృతజ్ఞతల్లో అధికారి పేరు రాశాను, సహాయకుడి పేరు రాశాను. తర్వాత "స్థానికుల సహకారం" అని రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలు ఇప్పటికీ నా కళ్ళలో గుచ్చుకుంటాయి.

ఈగలు చెప్పకపోయినా ఆ భర్త సంగతి నంద్యాల చేరింది. సహాయకుడి భార్య మా క్వార్టరుకు వచ్చి, నన్ను చూసి, చిందరవందరగా ఉన్న నా గది చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయింది. ఆళ్ళగడ్డలో మా అన్నకూ తెలిసింది. తిడతాడనుకున్నాను. కంచం ముందు కూర్చుని, "తోడబుట్టినోడు తాడు పట్టుకోకూడదన్నాడంట గదా ఆ చెంచోడు. నేను ఇడ్సేవాన్నా?" అన్నాడు. "లేదన్నా" అన్నాను. తర్వాతిసారి వెళ్ళేసరికి అంగడి గోడ మీద, పూత ఉన్నప్పుడు పొద్దున మందు కొట్టొద్దని సుద్దతో రాసి ఉంది.

చెంచాయన గూడేనికి ఆ ఏడాదంతా పోలేకపోయాను. మరుసటి ఏడు పోయాను. ఆమె వాకిట్లో ఒక చెట్టు కింద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. ఆ తర్వాత ప్రతి ఏడూ పోయాను. నోటుబుక్కుతో కూర్చుని ఆయన్ని అడిగేదాన్ని, ఈగలు ఎప్పుడొచ్చాయి, ఎన్ని పట్లు, ఎప్పుడు లేచాయి అని. నా పరిశోధనలో మంచిదంతా ఆ నోటుబుక్కుల్లోదే. వాటిని అచ్చువేసినప్పుడు ఆయన మాట అని రాయడం అప్పటికి నేర్చుకున్నాను.

ఎనభైలు వచ్చాయి. నంద్యాల చుట్టూ పత్తి పెరిగింది, మందు పెరిగింది, బండల మీద పట్లు తగ్గాయి. ఒక ఎండాకాలం నేను పోయేసరికి వాళ్ళు తాడు నీళ్ళలో నానబెట్టి ఉంచారు. ఆ ఏడు మిగిలింది ఒక్క పెద్ద పట్టే, అదీ లేచిపోయే వేళయింది. తాడు దగ్గర కూర్చోవాల్సిన బామ్మర్ది కంకర పనికి దూరం పోయాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. ఆమె చేతికి ఆ ఏడు దెబ్బ తగిలి వేళ్ళు ముడుచుకోవడం లేదు. కట్టు కట్టిన చేయి ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది.

"నువ్వు పట్టుకో" అంది.

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక వెనక్కి జరిగాను. "నేనా? నేను మీకేమవుతానని?"

"నువ్వేమన్నా అయితే నాకేం, కాకపోతే నాకేం" అంది. "నీ బుక్కులనిండా ఈయప్ప మాటలే గదా. ఈయప్ప పోతే నీకు ఈగల సంగతి ఎవురు జెప్తారు? నీకు నష్టం ఉండాది. పట్టుకో."

చెంచాయన నా ముఖం ఒకసారి చూశాడు. తర్వాత ముడి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఈసారి ఏమీ అడగలేదు.

చెట్టు మొదట్లో కాళ్ళు తన్నిపెట్టి కూర్చున్నాను, ఆమె ఒకప్పుడు కూర్చున్న చోటే. నార తాడు తడిగా, గరుకుగా ఉంది. ఆయన పొగకట్ట పట్టుకుని అంచు దిగాడు. తల మాయమయ్యాక తాడు ఒక్కటే మిగిలింది, అది నా అరచేతుల్లో కదులుతూ, ఆగుతూ, మళ్ళీ కదులుతూ. చేతికి అన్నీ తెలుస్తున్నాయి. ఆయన కాలు రాతి మీద నిలిచింది, జారింది, మళ్ళీ నిలిచింది. నేను తాడు మీద వేలాడిన రోజు పడిన భయం దీని ముందు భయమే కాదు. ఆమె అంచు వైపు చూడలేదు. నా పక్కన గొంతుక్కూర్చుని, కన్ను ఆర్పకుండా నా చేతుల్నే చూస్తోంది.

కింద నుంచి వేల ఈగలు ఒక్కసారి లేచిన హోరు వినిపించింది. ఇరవై ఏళ్ళుగా ఆ చప్పుడు ఎక్కడ వినిపించినా తలెత్తి చూసేదాన్ని. ఆ రోజు చూడలేదు.

రెండుసార్లు తాడు లాగింది. ఇద్దరం కలిసి, నా రెండు చేతులు, ఆమె ఒక్క చెయ్యి, పైకి తీశాం.